నోటరీలూ, వీడియో మీటింగ్ మోసాలూ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బార్ అసోసియేషన్‌లో నోటరీ పని చేసేవాళ్లం పదిమందికి పైనే ఉన్నాం. మధ్యాహ్నం టీ దగ్గర వారానికి ఒకరైనా ఫోన్ ముందుకు తోసి "ఇది చూడండి గురువు గారూ, నిజమేనంటారా?" అని అడుగుతారు. లింకులు, నంబర్లు మారుతుంటాయి గానీ సందేహాలు మాత్రం అవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మన నోటరీల చట్టం, 1952 కింద పనిచేసేవాళ్ల కోసం రాసిందిది. అమెరికాలో నోటరీ కమిషన్ తీసుకున్న మనవాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి వాళ్లకూ ఒక ప్రశ్న కేటాయించాను.

## కాల్ రాకముందు

నా దగ్గర పెద్ద డబ్బేమీ లేదు. మోసగాళ్లు నోటరీల వెంట ఎందుకు పడతారు?

వాళ్లకు కావలసింది మన బ్యాంకు ఖాతా ఒక్కటే అయితే నిజంగానే మన జోలికి రారు. మన ముద్ర వాళ్లకు అంతకంటే విలువైనది. ఒక్క అబద్ధపు జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీద ఆ ముద్ర పడితే ఎవరిదో ప్లాటు చేతులు మారుతుంది. మన ఫోన్ నంబరు బోర్డు మీద, రబ్బరు స్టాంపు మీద, వేసిన ప్రతి కాగితం మీదా ఉంటుంది కనుక వెతికే పని కూడా లేదు. ఇక రోజుకు ఇరవై ముప్పై మంది కొత్తవాళ్ల కాగితాలు చూసే మనకు, "మీరు ధ్రువీకరించిన కాగితంలో తేడా ఉంది" అని ఎవరైనా అంటే గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. "ఏ కాగితమో, ఏమో" అన్న ఆ అనుమానమే వాళ్ల పెట్టుబడి.

నాకు పాతికేళ్ల ప్రాక్టీసు ఉంది. చట్టం తెలిసినవాళ్లు కూడా పడతారా?

పడతారు. 2024లో లూధియానాకు చెందిన వర్ధమాన్ గ్రూప్ అధినేత ఎస్.పి. ఓస్వాల్‌ను స్కైప్‌లో కూర్చోబెట్టి, ఏకంగా సుప్రీంకోర్టు విచారణ నడిపినట్టు నటించి 7 కోట్లు లాగారు. ప్రధాన న్యాయమూర్తి వేషం కూడా ఒకడు కట్టాడు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ మోసాలపై తనంత తానుగా కేసు చేపట్టడానికి కారణం కూడా నకిలీ కోర్టు ఉత్తర్వులే. హర్యానాలోని అంబాలాలో ఒక వృద్ధ దంపతులకు వాటిని చూపించి డబ్బు గుంజారు. ఆన్‌లైన్ విచారణలకు అలవాటుపడ్డ లాయరుకు తెరమీద కోర్టు హాలు కనిపిస్తే వింతగా అనిపించదు. మామూలు మనిషికి వచ్చే అనుమానం మనకు రాకపోవడానికి ఆ అలవాటే కారణం.

ముందుగా ఫోన్లో, ఆఫీసు కంప్యూటర్లో ఏమేం మార్చుకోవాలి?

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. ఫోన్ సెట్టింగుల్లో, బయటి నుంచి వచ్చే యాప్‌లను ఎక్కించే అనుమతి ఆపేయండి. పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని వచ్చే ఏపీకే (యాప్‌ను నేరుగా ఎక్కించే) ఫైళ్లు ఎక్కేది ఆ దారినే. ఫీజులు పడే యూపీఐ ఖాతా వేరుగా, తక్కువ నిల్వతో ఉండాలి. ఎఫ్‌డీలు, ఇంటి డబ్బు ఉన్న ఖాతా ఆ ఫోన్లో ఉండకూడదు. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌ను పని అవగానే కంప్యూటర్ నుంచి తీసేయండి. చాలామంది దాన్ని పొద్దున పెట్టి సాయంత్రం దాకా అలాగే ఉంచుతారు, పైగా పిన్ కాగితం మీద రాసి మానిటర్‌కు అంటిస్తారు. (నేనూ అంటించాను. మా జూనియర్ చూసి పీకేసింది.) ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు తీసిన కేసు బయటపడింది. కాగితం మీది వేలిముద్ర కూడా తాళంచెవే.

గుమస్తాకి, జూనియర్‌కి ఏం చెప్పి ఉంచాలి?

రెండే మాటలు. నేను లేనప్పుడు నా పేరుతో ఎవరు వీడియో కాల్ చేసి "ఆ కాగితం మీద ముద్ర వేసి ఇచ్చెయ్" అన్నా, తెరమీద నా ముఖమే కనిపించినా వేయకూడదు. ముద్ర బీరువాలో, తాళం నా దగ్గర. రెండోది, నేను ఎవరితోనో వీడియోలో గంటల తరబడి తలుపు వేసుకుని మాట్లాడుతుంటే లోపలికి వచ్చి అడగాలి. అప్పుడు నేను కసిరినా సరే, అడగాలి.

## లింక్ వచ్చాక

"నోటరీ రెన్యువల్‌కు వీడియో కేవైసీ చేయాలి, 24 గంటల్లో లింక్ క్లిక్ చేయండి" అని మెసేజ్. నిజమేనా?

నమ్మకండి. ప్రాక్టీసు సర్టిఫికెట్ 5 ఏళ్లకు ఇస్తారు, గడువు తేదీ దాని మీదే ఉంటుంది. అది మనకు మెసేజ్ చూస్తే తెలియాల్సిన సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం నియమించిన నోటరీల కోసం న్యాయశాఖ 2024 సెప్టెంబరులో ఒక పోర్టల్ తెచ్చింది. దాని చిరునామా నోటరీ డాట్ గవ్ డాట్ ఇన్. రాష్ట్ర ప్రభుత్వం నియమించినవాళ్లకు రాష్ట్ర అధికారులే దిక్కు. మోసపు చిరునామాలో గవ్, ఇన్ అన్న అక్షరాలు మధ్యలో ఎక్కడో ఉండి, చివర డాట్ కామ్, డాట్ ఆన్‌లైన్ లాంటిది ఉంటుంది. చిరునామా చదివేటప్పుడు చివర చూడాలి. మెసేజ్‌లోని లింక్ వదిలేసి, పోర్టల్ చిరునామా మీరే టైప్ చేసి లోపలికి వెళ్లండి. నిజంగా ఏదైనా పెండింగ్ ఉంటే అక్కడా కనిపిస్తుంది.

జూమ్ లింక్ అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?

అసలు జూమ్ లింక్‌లో https:// తర్వాత వచ్చే మొదటి గీతకు (/) ముందున్న భాగం జూమ్ డాట్ యూఎస్ అని ముగుస్తుంది. గూగుల్ మీట్ అయితే మీట్ డాట్ గూగుల్ డాట్ కామ్, ఆ తర్వాత మూడు, నాలుగు, మూడు అక్షరాల కోడ్. ఇంతకంటే తేలికైన గుర్తు ఇంకొకటి ఉంది. లింక్ నొక్కగానే "మీ జూమ్ పాతదైంది, ఈ అప్‌డేట్ దించుకోండి" అని ఫైలు దిగడం మొదలైతే ఆపేయండి. అలా దిగేది చాలాసార్లు మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్. జూమ్‌కు అప్‌డేట్ కావాలంటే యాప్ తెరిచి అందులోంచే చేసుకోవచ్చు. అసలు మెరుగైన పద్ధతి, మీటింగ్ లింక్ మీరే పంపడం. నిజమైన క్లయింటుకు లింక్ ఎవరు పంపితే ఏం? మోసగాడే "లేదు సార్, మా సిస్టమ్‌లోనే రావాలి" అని పట్టుబడతాడు.

ఒక ఫైనాన్స్ సంస్థ ప్యానెల్‌లో చేరుస్తాం, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అంటున్నారు. వెళ్లొచ్చా?

మాట్లాడితే నష్టం లేదు. ఇంటర్వ్యూ అయ్యాక "సెక్యూరిటీ డిపాజిట్", "సాఫ్ట్‌వేర్ ఫీజు" అన్నారంటే అక్కడితో ఆపండి. మన ఊళ్లో వాళ్ల బ్రాంచి ఉంటే మేనేజర్‌ను నేరుగా కలిసి అడగండి, అరగంట పని.

తెలియని నంబరు నుంచి వాట్సాప్ వీడియో కాల్. క్లయింటేమో అని ఎత్తొచ్చా?

ఎత్తకండి. కట్ చేసి మామూలు కాల్ చేయమని మెసేజ్ పెట్టండి. ఎత్తిన మూడు సెకన్లలో తెరమీద అసభ్య దృశ్యం, పక్కన మీ ముఖం, రెండూ కలిపి రికార్డు. ఆ తర్వాత "బార్ అసోసియేషన్ గ్రూపులో పెడతాం" అని బెదిరింపు. ఇప్పటికే అలా జరిగి ఉంటే ఒక్క రూపాయి పంపవద్దు, పంపినవాళ్లను ఎక్కువగా పిండుతారు. స్క్రీన్‌షాట్లు తీసి, నంబరు బ్లాక్ చేసి, ఫిర్యాదు ఇవ్వండి. ఇంట్లో కూడా చెప్పేయండి. చెప్పాక వాడి చేతిలో ఏమీ మిగలదు.

## మీటింగ్ నడుస్తుండగా

స్క్రీన్ షేర్ చేయమంటున్నారు. డ్రాఫ్టే కదా, చూపిస్తే ఏమవుతుంది?

కంప్యూటర్లో ఆ ఒక్క ఫైలు కిటికీని మాత్రమే షేర్ చేస్తే పెద్ద ప్రమాదం లేదు. మొత్తం స్క్రీన్, అందులోనూ ఫోన్ స్క్రీన్ షేర్ చేస్తే మాత్రం ఓటీపీ వచ్చిన క్షణంలో అవతలివాడికీ కనిపిస్తుంది. వాట్సాప్ వీడియో కాల్‌లో కూడా 2023 నుంచి స్క్రీన్ షేర్ ఉంది, కాబట్టి వేరే యాప్ ఏదీ ఎక్కించనంత మాత్రాన ధీమా పనికిరాదు. జూమ్‌లో ఇంకో ఎత్తు ఉంది. అవతలివాడు మీటింగ్‌లో తన పేరును "జూమ్" అని మార్చుకుని రిమోట్ కంట్రోల్ అడుగుతాడు. మీ తెరమీద "జూమ్ మీ స్క్రీన్ నియంత్రణ కోరుతోంది" అన్నట్టు కనబడుతుంది. యాప్ ఏదో అడుగుతోంది కాబోలని ఓకే నొక్కేస్తాం. అక్కడి నుంచి మౌస్ దానంతట అది కదులుతుంది. సెట్టింగుల్లో రిమోట్ కంట్రోల్ ముందే ఆపేసి ఉంచడం మంచిది.

యూనిఫాంలో ఒకాయన వీడియోలోకి వచ్చి, "మీ ముద్ర ఉన్న కాగితాలు మనీ లాండరింగ్ కేసులో దొరికాయి, కాల్ కట్ చేయొద్దు" అంటున్నాడు. ఏం చేయాలి?

కట్ చేయాలి. అంతకుమించి ఆయనకు జవాబు అక్కర్లేదు.

ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక నోటరీ మిత్రుడు నాలుగు గంటలు అలా కూర్చున్నాడు. మొదట కొరియర్ కంపెనీ పేరుతో ఆడగొంతు, తర్వాత "ముంబై సైబర్ క్రైమ్", ఆ తర్వాత యూనిఫాం. వెనకాల జెండా, గోడమీద ఎంబ్లం, పక్క గదిలో వైర్‌లెస్ సెట్ చప్పుడు. తెరమీద ఒక జీపీఏ చూపించారు. ముద్ర తనదే. సంతకం తనదిలానే ఉంది. "గుర్తుందా ఈ మనిషి?" అన్నారు. ఎలా గుర్తుంటుంది? అలాంటివి ఏడాదికి వేలల్లో చేస్తాడు. ఆ "గుర్తులేదు" అన్న మాటతో వాళ్లకు పట్టు దొరికింది. "అయితే మీ ఖాతాలు పరిశీలించాలి, డబ్బు రిజర్వు బ్యాంకు ఖాతాకు మార్చండి, రేపు తిరిగి పంపుతాం."

ఆయన్ని కాపాడింది, ముద్ర వేసిన ప్రతి కాగితం వివరాలూ రాసిపెట్టే నోటరీ రిజిస్టరు. కాగితం మీద సీరియల్ నంబరు చదివి, "ఒక్క నిమిషం, రిజిస్టరు చూస్తాను" అని పేజీ తిప్పాడు. ఆ నంబరు ఎదురుగా ఎవరిదో అద్దె ఒప్పందం ఉంది, పక్కన ఆ మనిషి సంతకం ఉంది. అంటే చూపించింది నకిలీ కాగితం. అప్పుడు తలుపు తీసి గుమస్తాను పిలిచాడు.

ఇలా వీడియో కాల్‌లోనే మనిషిని కట్టిపడేయడాన్ని వాళ్లు డిజిటల్ అరెస్టు అంటారు. అలాంటిది ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ మాటే చెప్పారు. పరిశీలన కోసం డబ్బు బదిలీ చేయమనే దర్యాప్తు సంస్థ దేశంలో లేదు. స్కైప్‌లోకి రమ్మన్నాడంటే ఇంకా సులువు. ఆ సర్వీసు 2025 మే 5న మూతబడింది.

ఒకవేళ అవతల ఉన్నది నిజంగానే పోలీసులైతే? కాల్ కట్ చేస్తే తప్పవుతుందా?

కాదు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 35 కింద హాజరు కావాలనే నోటీసును వాట్సాప్‌లోనో మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో పంపితే సరిపోదని, చట్టం చెప్పిన పద్ధతిలోనే అందజేయాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నిజమైన అధికారి అయితే పేరు, స్టేషన్, క్రైమ్ నంబరు చెబుతాడు. ఆ స్టేషన్ నంబరు మీరు వెతుక్కుని తిరిగి చేయండి, లేదా మన ఊరి స్టేషన్‌కు వెళ్లి అడగండి. నోటరీ హోదాలో చేసిన పని మీద నేరం మోపితే, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయనిదే కోర్టు విచారణకు స్వీకరించదని నోటరీల చట్టం సెక్షన్ 13 అంటుంది. తప్పుచేసినవాడికి అది రక్షణ కవచం కాదు గానీ, "గంటలో అరెస్టు" అన్న మాట ఎంత డొల్లో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

తెరమీద ఉన్న ముఖం అసలుదో డీప్‌ఫేకో పట్టుకునే చిట్కా ఏదైనా ఉందా?

ముఖం ముందు చెయ్యి ఊపమనడం, తల పక్కకు తిప్పమనడం లాంటివి కొన్నాళ్లు పనిచేశాయి. ఇప్పుడు వాటిమీద ఆధారపడితే మనమే మునుగుతాం. 2024లో హాంకాంగ్‌లో అరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరు వీడియో సమావేశంలో తన పై అధికారిని, తోటి ఉద్యోగులను చూసి, నమ్మి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపారు. ఆ తెరమీద ఉన్న మిగతావాళ్లందరూ నకిలీ ముఖాలే. కాబట్టి ముఖాన్ని పరీక్షించడం మానేసి, దారిని పరీక్షించండి. కాల్ ఆపి, మీ దగ్గర పాతకాలం నుంచీ ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. నకిలీ ముఖం చేయగలిగినవాడికి ఆ ఫోన్ ఎత్తడం చేతకాదు.

"ఫీజు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటున్నారు.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే పోతోందని అర్థం. "నేను మిలటరీ ఆఫీసర్‌ని, అద్దె అగ్రిమెంటు కావాలి" అని మొదలుపెట్టేవాళ్ల దగ్గర ఇది బాగా పాతబడిన ఎత్తు.

నేను నిజమైన నోటరీనేనని నమ్మకం కోసం కెమెరా ముందు ముద్ర, సర్టిఫికెట్ చూపించమంటే?

చూపించకండి. మన గుండ్రని సీలు కొలత 5 సెంటీమీటర్లని నియమాల్లోనే ఉంది. దాని మీద పేరు, ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్క స్క్రీన్‌షాట్‌తో తెలిసిపోతే, స్టాంపులు చేసే దుకాణంలో అచ్చం అలాంటిదే గంటలో తయారవుతుంది. రిజిస్టరు పేజీ చూపించడం ఇంకా ప్రమాదం. అందులో మిగతా జనాల పేర్లు, చిరునామాలు, సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. నమ్మకం కుదరకపోతే ఆఫీసుకు రమ్మనండి, బోర్డు బయటే ఉంది.

## ముద్ర వేసే దగ్గర

అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియోలో సంతకం పెడుతూ కనిపిస్తున్నాడు. జీపీఏ మీద ముద్ర వెయ్యొచ్చా?

వేయకూడదు. మన చట్టంలో గానీ 1956 నాటి నియమాల్లో గానీ వీడియోలో చూసి ధ్రువీకరించే పద్ధతి లేదు. ఫారం 15 రిజిస్టరులో సంబంధిత వ్యక్తి సంతకం పెట్టాల్సిన గడి ఒకటి ఉంది. డాలస్‌లో ఉన్నవాడు ఆ గడిలో ఎలా పెడతాడు? పవరాఫ్ అటార్నీకి భారతీయ సాక్ష్య అధినియం (పాత సాక్ష్యాధారాల చట్టం స్థానంలో వచ్చింది) ఇచ్చే విలువ కూడా అది నోటరీ, కాన్సుల్ లాంటివాళ్ల "ఎదుట" రాసిచ్చిందైతేనే. ఐటీ చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం మామూలు జీపీఏకు, వీలునామాకు ఎలక్ట్రానిక్ సంతకం చెల్లదు కూడా.

ఒకసారి నా టేబుల్ మీద పేపర్ వెయిట్‌కు ఫోన్ ఆనించి "లాయరు గారూ, మా అన్నయ్య న్యూజెర్సీలో ఉన్నాడు, మీరే మాట్లాడండి" అన్నారు. ఉదయం 11 గంటలు. అంటే అక్కడ అర్ధరాత్రి దాటాలి. ఆ అన్నయ్య వెనక గోడమీద మాత్రం కిటికీ ఊచల నీడ పడి ఉంది, మంచి ఎండ. "అక్కడ బాగా పొద్దెక్కినట్టుందే" అన్నాను. ఫోన్ బోర్లా పడింది, సిగ్నల్ పోయిందన్నారు. ఎండ లేకపోయి ఉంటే? ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచించాను. ఎండ ఉన్నా లేకపోయినా ఒకటే జవాబు ఉండాలని అప్పటినుంచి పెట్టుకున్నాను.

మరి విదేశాల్లో ఉన్నవాళ్లకు ఏ దారి చెప్పాలి?

అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం పెట్టి ధ్రువీకరణ తీసుకోమనండి. లేదా అక్కడి నోటరీ ఎదుట సంతకం చేసి, అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి పంపమనండి. అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 జులై నుంచి అమల్లో ఉంది. అసలు కాగితం ఇక్కడికి చేరాక 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి, స్టాంపు చట్టం సెక్షన్ 18 చెప్పేది అదే. ఆస్తి రిజిస్ట్రేషన్ కోసమైతే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 కూడా వర్తిస్తుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడిగి డ్రాఫ్టు రాయించుకోమనండి. ఇది నాలుగు వారాల పని. "మీరు వెయ్యకపోతే పక్క నోటరీ వేస్తాడు" అంటారు. వెయ్యనివ్వండి.

డాక్యుమెంట్ రైటర్ ఇరవై ఏళ్ల పరిచయం. "పార్టీ దారిలో ఉన్నాడు, వీడియోలో చూసి వేసేయండి అన్నా, సాయంత్రం తీసుకొస్తా" అంటే?

దారిలో ఉన్నవాడు వచ్చేస్తాడు కదా, ఆగండి. చాలా కేసుల్లో డాక్యుమెంట్ రైటర్ కూడా మోసపోయినవాడే, ఆయనకూ పార్టీ వీడియోలోనే పరిచయం. మొహమాటం ఎక్కువైతే నా పద్ధతి చెబుతాను. కాగితం తీసుకుని డ్రాయర్లో పెట్టి "పార్టీ వచ్చాక ఒకే నిమిషం" అంటాను. పరిచయం చెడదు, ముద్రా పడదు.

ఆధార్ కార్డు వాట్సాప్‌లో పంపితే సరిపోతుందా?

డ్రాఫ్టులో పేరు, చిరునామా రాసుకోవడానికి సరిపోతుంది. మనిషిని గుర్తించడానికి సరిపోదు. అసలు కార్డు చేతిలోకి తీసుకుని, ఆధార్ జారీచేసే యూఐడీఏఐ వాళ్ల యాప్‌తో క్యూఆర్ స్కాన్ చేయండి. కార్డు మీద ముద్రించిన ఫొటో, క్యూఆర్‌లో వచ్చే ఫొటో, ఎదురుగా ఉన్న ముఖం, మూడూ కలవాలి. జిరాక్స్ కాపీలో ఫొటో మార్చడం ఎంత తేలికో తెలుసుకోవాలంటే ఏ ఇంటర్నెట్ సెంటర్ కుర్రాణ్ణయినా అడగండి.

మంచంలో ఉన్న పెద్దావిడ కదలలేదు. వీడియో తప్ప దారి లేదంటున్నారు.

ఉంది, మనం వెళ్లడం. మన ప్రాక్టీసు ప్రాంతంలో ఉన్న ఇల్లయితే రిజిస్టరు, ఇంకు ప్యాడు సంచిలో వేసుకుని వెళ్లవచ్చు, దారి ఖర్చు తీసుకునే వీలు నియమాల్లోనే ఉంది. వెళ్లినప్పుడు కాసేపు మిగతావాళ్లను బయటికి పంపి ఆవిడతో విడిగా మాట్లాడండి. "ఏం కాగితమమ్మా ఇది?" అని అడిగితే "మావాడు పెట్టమన్నాడయ్యా" అని మాత్రమే వస్తే, ముద్ర సంచిలోనే ఉంచుకుని తిరిగి రండి. వీడియోలో ఈ మాట మీకు వినపడేది కాదు.

అమెరికాలో నోటరీగా ఉన్నాను. ఇక్కడ ఆన్‌లైన్ నోటరీ చట్టబద్ధమే కదా?

చాలా రాష్ట్రాల్లో అవును. వర్జీనియా 2012లో మొదలుపెట్టింది, టెక్సాస్‌లో 2018 జులై 1 నుంచి ఉంది. అయితే అది మామూలు జూమ్ కాల్ కాదు. టెక్సాస్‌లో దానికి వేరే ఆన్‌లైన్ కమిషన్ ఉండాలి, గుర్తింపు కార్డును సాఫ్ట్‌వేర్ పరిశీలించాలి, సంతకం పెట్టేవారికి వాళ్ల పాత వివరాల మీద ప్రశ్నలు వేయాలి, ఆడియో వీడియో రికార్డింగ్ 5 ఏళ్లు దాచాలి. అందుకని "సైనింగ్ ఏజెన్సీ" పేరుతో ఎవరైనా ప్లాట్‌ఫాం బయట జూమ్ లింక్ పంపి అందులోనే పని ముగించమంటే, లేదా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి మిగతాది తిరిగి పంపమంటే వదిలేయండి. ఇండియాలో వాడే జీపీఏ అయితే క్లయింటును కాన్సులేట్‌కు పంపడమే వాళ్లకూ మీకూ సుఖం.

## మోసపోయాక

డబ్బు పంపేశాను. మొదటి గంటలో ఏం చేయాలి?

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎవరు, ఎందుకు అన్న కథ తర్వాత, ముందు లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, మీ బ్యాంకు పేరు చెప్పండి. లైన్ దొరక్కపోతే సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతుంటుంది. ఎక్కడో ఒకచోట ఆగి ఉండగా పట్టుకోవాలి. లూధియానా కేసులో 7 కోట్లలో 5 కోట్లకు పైగా వెనక్కి వచ్చాయి. ఓటీపీ మనమే చెప్పి ఉంటే ఆ నష్టం మనదే. బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకు భరించాలని 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ చెప్పింది. అందుకే చెప్పిన సమయానికి రుజువు, అంటే మెసేజ్ గానీ ఫిర్యాదు నంబరు గానీ దగ్గరుంచుకోండి.

మీటింగ్‌లో వాళ్లు చెప్పిన యాప్ ఎక్కించాను. డబ్బేమీ పోలేదు. వదిలేయొచ్చా?

వద్దు, ఇంకా పోలేదంతే. వైఫై, డేటా ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి ఉన్న కంప్యూటర్ అయితే దాన్ని జారీచేసిన సంస్థకు చెప్పి సర్టిఫికెట్ రద్దు చేయించండి. ఫోన్లో ##002# కొట్టి కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా పెట్టి ఉంటే తీసేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ చూసి తెలియనివన్నీ తీసేయండి. డబ్బు ఏమైనా కదిలి ఉంటే మాత్రం ఫోన్ ఫార్మాట్ చేయడానికి తొందరపడకండి. సాక్ష్యం కోర్టుకు వెళ్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు రికార్డు ఉండాలి.

వీడియోలో చూసి ముద్ర వేసేశాను. ఇప్పుడా మనిషి ఆ సంతకం తనది కాదంటున్నాడు. రిజిస్టరులో ఏదో ఒకటి రాసి సర్దుకోవచ్చా?

అస్సలు వద్దు. జరిగింది నిర్లక్ష్యం, దిద్దితే ఫోర్జరీ అవుతుంది. రిజిస్టరును ఉన్నది ఉన్నట్టే ఉంచండి. కాగితం తెచ్చినవాళ్ల నంబర్లు, కాల్ సమయం, చాట్లు భద్రపరచండి. మోసపోయిన వ్యక్తికి, ఆస్తి సంగతైతే సబ్‌రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. పోలీసులకు మీరే ముందు ఫిర్యాదు ఇవ్వండి. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 319, ఐటీ చట్టం సెక్షన్ 66డీ రెండూ వేషం మార్చి మోసం చేసినవాళ్ల మీదే. దుష్ప్రవర్తన ఫిర్యాదు వస్తే నియమం 13 కింద కాపీ పంపి మీ రాతపూర్వక జవాబు తీసుకున్నాకే విచారణ సాగుతుంది. రిజిస్టరు నుంచి పేరు తొలగించే అధికారం ప్రభుత్వానికి సెక్షన్ 10 ఇచ్చింది. అక్కడిదాకా వెళ్తుందో లేదో గానీ, దాచినవాళ్ల కేసు మాత్రం ఎప్పుడూ చెప్పినవాళ్ల కేసు కంటే బరువుగానే ఉంటుంది. మంచి సీనియర్ దగ్గరకు వెళ్లండి, మన కేసు మనం వాదించుకోకూడదు.

నా ముద్ర స్క్రీన్‌షాట్ తీశారని అనుమానం. నకిలీ సీలు చేసి ఉంటే?

ఈరోజు నుంచే కాగితం మీద సీరియల్ నంబరు, రిజిస్టరు పేజీ నంబరు చేత్తో, సీలు అంచును తాకేలా రాయడం మొదలుపెట్టండి. స్క్రీన్‌షాట్ నుంచి చేసిన సీలుకు అది తెలియదు. మీ నియామక అధికారికి, స్థానిక పోలీసులకు "ఫలానా తేదీన ఇలా జరిగింది" అని రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు కూడా ఒక కాపీ ఇవ్వండి. రేపు ఎవరైనా నకిలీ కాగితం తెచ్చి "ఇది మీదేనా?" అని అడిగితే, రిజిస్టరు పక్కన ఆ రసీదు కూడా తీసి చూపించవచ్చు. రసీదు ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి.